రువి నుంచి సోహార్‌కి, ఒక తెరియాకి కోసం

1995 జనవరి 12, గురువారం. పొద్దున్న అయిదుంబావుకి రువిలో మా ఇంట్లో ఫోన్ మోగింది. ఆ వేళకి ఫోనంటే ఇండియా నుంచి ఏ కబురో అని అమ్మ కంగారుపడి పరిగెత్తింది. తీరా చూస్తే సోహార్ క్యాంపు నుంచి లింగయ్య బాబాయ్. అమ్మ నవ్వుతూ రిసీవర్ నా చేతికిచ్చింది. "బిడ్డా, నువ్వు చెప్పినట్టే చేసిన. నిన్న పొద్దుగాలనే ముక్కలకు పూసి ఫ్రిజ్ల పెట్టిన. ఇరవై నాలుగు గంటలు ఊరినయ్. మస్తు పట్టింది" అన్నాడు. ఈ రోజు మొదటి ఆశ్చర్యం అదే. నేను నోట్‌బుక్‌లో రాసుకున్న ఒక వాక్యాన్ని నమ్మి, రెండు వందల కిలోమీటర్ల అవతల ఒక మనిషి చేపముక్కలు ఊరబెట్టాడు. నా మాటకి అంత విలువుందా అని గర్వంగా అనిపించింది. ఆ గర్వం సరిగ్గా అయిదు గంటలు ఉంది.

అసలు ప్రయాణం ఎందుకో చెప్పాలి. లింగయ్య బాబాయ్‌ది జగిత్యాల దగ్గర ఊరు. మా నాన్న పనిచేసే కంపెనీ సోహార్ దగ్గర ఒక ఫ్యాక్టరీ కడుతోంది. ఆ సైట్‌లో ఆయన నాలుగేళ్లుగా సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నవంబర్‌లో నడుం పట్టేసింది. బరువులు ఎత్తొద్దని డాక్టర్ రాసిచ్చాడు. బరువెత్తలేని మనిషికి సైట్‌లో డ్యూటీ ఉండదు. ఈ నెలాఖరుకి వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తామని కంపెనీ చెప్పేసింది. అదే సమయంలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఆరుగురు జపాన్ ఇంజనీర్ల మెస్‌లో వంటవాడు పని మానేసి మనీలా వెళ్లిపోయాడు. లింగయ్య బాబాయ్ ఊళ్లో ఉన్నప్పుడు పెళ్లిళ్లలో వంటమేస్త్రి పక్కన పదేళ్లు పనిచేశాడు. రూమ్‌లో పన్నెండు మందికి ఆయనే వండుతాడు. ఆ సంగతి నాన్న చెబితే, ఇంజనీర్లలో పెద్దాయన మోరి గారు ఒప్పుకున్నారట. కాకపోతే ఒక షరతు. గురువారం మధ్యాహ్నం చేపతో తెరియాకి చేసి పెట్టాలి. తిని చూసి చెప్తారు.

తెరియాకి అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. మంగళవారం పొద్దున్నే లింగయ్య బాబాయ్ నాన్నకి ఫోన్ చేసి, "సారూ, జర బిడ్డనడిగి పుస్తకంల చూపియ్యుండ్రి" అన్నాడు. నేను పదకొండో తరగతి. ఈ మధ్య ఏ మాట కనిపించినా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకపోతే నిద్ర పట్టడం లేదు. స్కూలు లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తీస్తే ఆ మాట అందులో ఉంది! జపాన్ వాళ్ల వంటింటి మాట ఇంగ్లీషు వాళ్ల పుస్తకంలో, ఇంటి మనిషిలా కూర్చుని ఉంది. సంతోషం పట్టలేక అక్కడే నిలబడి తెలుగులో రాసుకున్నాను. 'సోయా సాస్‌లో ఊరబెట్టి, నిప్పుల మీద కాల్చిన చేప లేదా మాంసం.' కొంచెం పంచదార కూడా వేస్తారని ఇంకో పుస్తకంలో దొరికింది. సాయంత్రం ఫోన్‌లో అదంతా చదివి వినిపించాను. "ఎంత సేపు ఊరవెట్టాలె?" అని అడిగాడు. పుస్తకంలో అది లేదు. లేదని చెప్తే సరిపోయేది. నేను మాత్రం, "ఎంత ఊరితే అంత మంచిది కదా బాబాయ్" అన్నాను. మా ఇంట్లో కోడికూరకైనా, చేప వేపుడుకైనా అమ్మ అనే మాటే అది.

రువి బస్‌స్టాండ్‌లో ఆరున్నరకి సోహార్ బస్సు. మనిషికి రెండు రియాల్స్ రెండు వందల బైసాలు (రియాల్‌కి వెయ్యి బైసాలు). హమ్రియా వైపు ఉండేవాళ్లు పావుగంట ముందు బయల్దేరితే నడిచే రావచ్చు. మేముండేది కొంచెం దూరం కాబట్టి మూడు వందల బైసాలిచ్చి టాక్సీలో వచ్చాం. గురువారం మా స్కూలుకి సెలవు. నాన్నకి సగం రోజు ఆఫీసు ఉంటుంది గానీ సెలవు పెట్టారు. "నేను చెప్పిన మనిషి కదా, దగ్గరుండాలి" అన్నారు. బస్సులో ఏసీ బాగా ఎక్కువ, పల్చని శాలువా ఏదైనా పెట్టుకోండి. కుడివైపు కూర్చుంటే బర్కా దాటాక అక్కడక్కడ తోటల సందుల్లోంచి సముద్రం కనిపిస్తుంది. ఎడమవైపు దూరంగా కొండలు చివరిదాకా మనతోనే వస్తాయి. రోడ్డు తిన్నగా ఉంటుంది. ప్రతి ఊరి దగ్గరా ఒక రౌండబౌట్, రౌండబౌట్ మధ్యలో ఒక పెద్ద కూజానో, పడవో, కోట బొమ్మో ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్తే వాటిని లెక్కపెట్టించండి, గోల చెయ్యరు.

సువైక్ దగ్గర పది నిమిషాలు ఆపారు. కేరళ అతని టీకొట్టులో సులేమానీ, అంటే పాలు లేని టీ, యాభై బైసాలు, సంబూసా యాభై బైసాలు. సంబూసా అంటే మన సమోసాయే, పై పొర కాస్త పల్చన, లోపల మాంసం. మీకు మాంసం వద్దంటే ముందే అడగండి, బఠాణీది కూడా చేస్తాడు. ఇది పర్షియా వైపు నుంచి బయల్దేరి ఇటు అరబ్బులకీ, అటు మనకీ వెళ్లిన మాట అని నేను నాన్నకి చెప్తున్నాను. ఆయన రెండోది తింటూ, "మాటలు ఎటెళ్లినా పర్లేదమ్మా, నువ్వు మాత్రం బస్సెక్కు, హారన్ కొడుతున్నాడు" అన్నారు.

తొమ్మిదీ నలభైకి సోహార్‌లో దిగాం. అక్కణ్ణుంచి సైట్ పదిహేను కిలోమీటర్లు. టాక్సీ అతని పేరు హమద్. యాభై ఏళ్లుంటాయి. మన హిందీ చక్కగా మాట్లాడతాడు, బొంబాయిలో చిన్నప్పుడు రెండేళ్లున్నాడట. రియాల్ అడిగాడు. నాన్న ఎనిమిది వందలన్నారు. "ఎనిమిది వందలకి సగం దారిలో దింపేస్తాను, మిగతాది ఎండలో నడవండి" అని నవ్వాడు. తొమ్మిది వందలకి కుదిరింది. క్యాంపు అంటే రేకుల గదుల వరసలు. చివర్న ఇంజనీర్ల మెస్. దాని వెనక వంటగది తలుపు దగ్గర లింగయ్య బాబాయ్ నిలబడి ఉన్నాడు. నడుముకి బెల్టు, దాని మీద ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల ఆప్రాన్. ఆప్రాన్ పాత వంటవాడిది. మోకాళ్ల దాకా రావాల్సింది తొడల మీదే ఆగిపోయింది.

"రా బిడ్డా, నీ తెరియాకి చూడు" అని ఫ్రిజ్‌లోంచి గిన్నె తీశాడు. ఆరు వంజరం ముక్కలు, నల్లగా, గట్టిపడి ఉన్నాయి. మెస్‌లో భోజనం పన్నెండున్నరకి. ముందొక ముక్క కాల్చి చూద్దామని పెనం ఎక్కించాడు. ముక్క పడీ పడగానే పొగ లేచింది. నిమిషంలో పైన బొగ్గు. తిప్పేలోపు రెండోవైపూ అంతే. విరిచి చూస్తే మధ్యలో పచ్చి. నాన్న చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. "ఉప్పు" అన్నారు. 

"ఉప్పు వేశావా బాబాయ్?" అని అడిగాను.

"చేపను ఉప్పు, పసుపు వెట్టి కడగకుంటె నీసు వాసన పోతదా? కడిగిన. మల్ల జరంత పట్టిచ్చిన కూడ. చేపకు ఉప్పు పట్టియ్యకుండ ఎవడన్న వండుతడా?"

సోయా సాస్ అంటేనే ఉప్పు. అందులో ఒక రోజంతా. పైగా పసుపు. అవన్నీ నేను ఫోన్‌లో చెప్పనివి. కానీ మాడిపోవడం మాత్రం నేను చెప్పినదాని వల్లే. పంచదార ముక్కంతా పట్టేసింది. పెనం వేడికి చేప ఉడికే లోపలే పంచదార మాడిపోతోంది. మంట తగ్గించి ఇంకో ముక్క వేశాడు. అది మాడలేదు గానీ నీళ్లూరి, ముద్దయి, పెనానికి అంటుకుపోయింది. లింగయ్య బాబాయ్ గరిటె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, నాదే తప్పు" అన్నాను. 

"అరె, నేనెరుగనా?" అన్నాడు. "చక్కెర ముందుగాల పూసి మంట మీద పెడితె మాడక ఏమైతది? పదేండ్లు లడ్డు పాకం పట్టిన, పల్లి పట్టీలు చేసిన. చక్కెర ఎప్పుడు చెయ్యి ఇస్తదో నాకు తెల్వదా? నిన్న పూసేటప్పుడే మనసుల అనుకున్న, గిదేంది గిట్లున్నది అని. కని పుస్తకంల ఉన్నదంటివి. సదువుకున్నోళ్ల పుస్తకం కదా అని ఊకున్న."

నేను చదువుకున్న దాంట్లో ఇంత నెప్పెట్టిన మాట ఇంకోటి లేదు.  నాన్న గడియారం చూసి, "పదీ నలభై. చేప మళ్లీ తేగలమా?" అన్నారు. బయట హమద్ ఇంకా టాక్సీలోనే ఉన్నాడు, క్యాంపు వాచ్‌మన్‌తో కబుర్లు చెప్తున్నాడు. ముగ్గురం ఎక్కేశాం, దారిలో నాన్న సంగతంతా అతనికి చెప్పారు.

సోహార్ చేపల మార్కెట్ సముద్రం ఒడ్డునే ఉంది. అసలు వెళ్లాల్సింది పొద్దున్న ఆరు, ఏడు మధ్య. మేం పదకొండుకి వెళ్లేసరికి అరుగులు కడిగేస్తున్నారు. వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారు, అది అడిగితే అందరూ చేతులు ఊపేశారు. చివరి అరుగు మీద ఒక ముసలాయన దగ్గర ఒక్కటే ఉంది, రెండు కిలోలుంటుంది. ఎవరో చెప్పి పెట్టుకున్నదట. హమద్ ఆయన్ని పలకరించాడు, ఆరోగ్యం అడిగాడు, కొడుకుల్ని అడిగాడు, ఒంటెల్ని అడిగాడు. నేను గడియారం చూస్తున్నాను. అవన్నీ అయ్యాక నెమ్మదిగా లింగయ్య బాబాయ్ వైపు చూపించి ఏదో చెప్పాడు. ముసలాయన బాబాయ్ నడుం బెల్టు వైపు చూసి, చేప తీసి తూకంలో పెట్టాడు. రెండు రియాల్స్. "ఏం చెప్పావ్?" అని నాన్న అడిగితే, "ఈ చేప వండకపోతే ఈ మనిషి ఇంటికి పోతాడని చెప్పాను. అబద్ధమా?" అన్నాడు హమద్.

తిరిగొస్తుంటే లింగయ్య బాబాయ్ ముందు సీట్లో కూర్చుని తనలో తను మాట్లాడుకుంటున్నాడు. చక్కెర పాకం చేప మీద చల్లారితే పలుకు కడుతుంది, తెల్లబడుతుంది. బెల్లమైతే రంగు బాగుంటుంది గానీ క్యాంపులో బెల్లం లేదు. "హమద్ భాయ్, ఖజూర్‌ది పాకం ఉంటది కదా, మీరు రొట్టెతోని తింటరు?" అన్నాడు హిందీలో. హమద్ ఒక కొట్టు ముందు ఆపాడు. ఖర్జూర పాకాన్ని ఇక్కడ దిబ్స్ అంటారు. సీసా నాలుగు వందల బైసాలు. సువైక్ నుంచి సోహార్ దాకా ఏ చిన్న కొట్లోనైనా దొరుకుతుంది. సీసాలో తేనెలా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఎంత చల్లారినా గడ్డకట్టదు.

పదకొండున్నరకి వంటగదిలో ఉన్నాం. చేపని కోసి ముక్కలు చేసి కుళాయి కింద పెట్టగానే బాబాయ్ చెయ్యి తనంతట తనే పసుపు డబ్బా మీదికి పోయింది. "లింగయ్యా!" అని నాన్న అరిచారు. చెయ్యి ఆగిపోయింది. "చేతికి చెప్పుండ్రి సారూ, నాకు కాదు" అన్నాడు. అందరం నవ్వాం. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. అల్లం రసంతో, నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. చిన్న గిన్నెలో సోయా సాస్, ఖర్జూర పాకం, అల్లం, కాసిని నీళ్లు పోసి సన్నని సెగ మీద పెట్టాడు. గరిటె ఎత్తి జారవిడిచి చూశాడు, మళ్లీ చూశాడు. తీగపాకానికి కొంచెం ముందు దింపేశాడు. ముక్కల్ని ఉత్తినే, చుక్క నూనెతో రెండు వైపులా కాల్చాడు. అవి పూర్తిగా ఉడికాక, ఉల్లికాడలు కట్టగా కట్టి, దాన్ని కుంచెలా పాకంలో ముంచి ముక్క మీద పూశాడు. తిప్పి ఇంకోసారి. మళ్లీ తిప్పి ఇంకోసారి. అర నిమిషంలో ముక్కల రంగు మారిపోయింది. వార్నిష్ వేసిన చెక్కలా మెరిశాయి. ఆ పని ఎప్పుడు చెయ్యాలో నా నిఘంటువులో ఎక్కడా లేదు.

పన్నెండున్నరకి మోరి గారు ఒక్కరే వచ్చారు. మిగతా అయిదుగురు సైట్‌లోనే తింటున్నారు. యాభై దాటిన సన్నటి మనిషి. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. తినబోయే ముందు ప్లేటు చేత్తో ఎత్తి కిటికీ వైపు తిప్పి చూశారు. తర్వాత ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. చాలా సేపు నమిలారు. లింగయ్య బాబాయ్ తలుపు దగ్గర నిలబడి, ఆప్రాన్ కొసని రెండు చేతులతో మెలిపెడుతున్నాడు.

"తీపి వేరేగా ఉంది. ఏమిటిది?" అన్నారు మోరి గారు, నెమ్మదిగా, ఒక్కొక్క ఇంగ్లీషు మాట ఏరుకుంటూ.

"ఖజూర్ సార్" అన్నాడు బాబాయ్. నేను ఖర్జూరమని ఇంగ్లీషులో చెప్పాను. మా ప్రాణం మా దగ్గర లేదు.

"మా అమ్మ చేసేది ఇలా ఉండదు" అన్నారు. రెండో ముక్క తీసుకున్నారు. మూడోది కూడా. ఆ తర్వాత నాన్న వైపు తిరిగి, "ఈయన్ని కిచెన్‌లో ఉంచండి" అన్నారు. అంతే. పొగడ్త లేదు, చెయ్యి కలపడం లేదు. నాన్న వెంటనే జేబులోంచి పెన్ను తీశారు గానీ రాయడానికి కాగితం లేదు. నా నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ చించిచ్చాను. క్యాంపు ఆఫీసుకి ఆయన చీటీ రాస్తుంటే నేను ధైర్యం చేసి, తెరియాకి అంటే ఏమిటని మోరి గారిని అడిగాను. తెరి అంటే మెరుపు, యాకి అంటే కాల్చడం అన్నారు. కాలుస్తూ ఉండగా మెరుపు తేవడం, అదే పని పేరు. ముందు ఊరబెట్టడం కూడా కొందరు చేస్తారు, కాసేపే, అదేం అసలు సంగతి కాదన్నారు. లింగయ్య బాబాయ్‌కి అది తెలుగులో చెప్తే, "గదే కదా నేను చేసింది" అన్నాడు.

తర్వాత వంటగదిలో మిగిలిన పని ఒకటుంది. "మాడింది ఎవరు తినాలె? రా, సగం నువ్వు, సగం నేను" అని పొద్దుటి ముక్కని విరిచి నాకు సగం ఇచ్చాడు. తిన్నాను. చేదుగా, ఉప్పగా, మధ్యలో పచ్చిగా ఉంది. నీళ్లు రెండు గ్లాసులు తాగాను. ఆయన తన సగం పూర్తిగా తిని, "ఇంత అధ్వాన్నంగ నేను జన్మల వండలే" అని మెచ్చుకున్నట్టే చెప్పాడు.

ఇది రాస్తున్నది సోహార్‌లో, నాన్న ఆఫీసులో పనిచేసే ప్రసాద్ అంకుల్ వాళ్లింట్లో, సాయంత్రం ఆరింటికి. నాలుగింటి బస్సుకి వెళ్లిపోవాల్సిన వాళ్లం ఆగిపోయాం. తెరియాకి అనే మాట జపాన్‌లో బయల్దేరి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు పేరు పట్టుకొచ్చింది, చేసే పద్ధతిని దారిలో వదిలేసింది. నేను దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మిగిలిన కాస్తలో నా అంచనా ఒకటి కలిపాను. పుస్తకంలో లేనిది అడిగినప్పుడు 'లేదు' అనడం కూడా ఒక సమాధానమే. అది చెప్పి ఉంటే బాబాయ్ తన చేతి పనినే నమ్ముకునేవాడు, ఆరు ముక్కలు మిగిలేవి. ఈ సంగతి గురించి ఎవరూ నన్ను నిలదీయలేదు. అందుకే ఇంకా గుచ్చుతోంది. మాటలంటే నాకు ఇవాళ ఇష్టం తగ్గలేదు. కానీ పని మాటల్ని పని చేసేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలని మాత్రం అర్థమైంది.

సోహార్ రావాలనుకునేవాళ్లకి ఒక్క సూచన. చేపల మార్కెట్ చూడాలంటే రువి నుంచి పొద్దున్న బస్సు పనికిరాదు, ముందు రోజు సాయంత్రమే వచ్చి ఉండండి. ఎనిమిది దాటితే మంచి చేప ఉండదు. టాక్సీ బేరం ఎక్కే ముందే కుదుర్చుకోండి, చిల్లర దగ్గర పెట్టుకోండి.

రేపు శుక్రవారం. జపాన్ వాళ్లు ఆరుగురూ మెస్‌లోనే తింటారు, అందరికీ లింగయ్య బాబాయ్ వండాలి. పడవలు ఆరింటికి ఒడ్డుకి వస్తాయి. అయిదున్నరకల్లా హమద్ టాక్సీ బాబాయ్‌ని ఎక్కించుకుని ఈ ఇంటి ముందు ఆగుతుంది. చేప తాజాదో కాదో మొప్పలెత్తి ఎలా చూడాలో నాకు చూపిస్తానన్నాడు బాబాయ్. అయిదుంబావుకి లేవాలి.